కుండలో అమ్మ

కుండకు చెవి ఆనించి కూర్చున్నప్పుడు ఆమె ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. ఎడమ అరచేయి ఎత్తి, ఆగమని సైగ చేసేది. ఆ సైగకు చిన్నా పెద్దా తేడా లేదు. మొగుడైనా ఆగాల్సిందే, ఇంటికొచ్చిన హెడ్మాస్టరైనా ఆగాల్సిందే. కళ్లు సగం మూసి, కుండ పొట్టకు చెంప ఆనించి కాసేపు వినేది. తర్వాత నడుం పట్టుకుని మెల్లగా లేచి, "మాట్లాడుతున్నది" అనేది. అప్పుడుగాని మాకు నోరు తెరవడానికి అనుమతి దొరికేది కాదు.

ఆమె పోయిందని మొన్న ఆదివారం ఫోను వచ్చింది. చేసింది ఆమె కూతురు. "సార్, అమ్మ పోయింది. దినాలకు నువ్వు రావాలె" అని రెండే ముక్కలు చెప్పి పెట్టేసింది. నేను మధిరలో మా ఇంటి వరండాలో కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నాను. ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, ఇక ఆమెకు చెప్పాల్సిన పని లేదన్న తేలిక. అట్లాంటి తేలిక కలిగినందుకు నన్ను నేను తిట్టుకోవడం పూర్తయ్యేసరికి కాఫీ చల్లారిపోయింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. బతికుండగా చెప్పాల్సిన మాట చెప్పనివాడికి, పోయాక పేరు వాడుకునే హక్కు లేదు.

ఇల్లందు దాటి అడవిలోకి పోయే దారిలో ఒక ఆశ్రమ పాఠశాల ఉంది. అందులో నేను సైన్సు మాస్టర్ని, ఆమె వంటమనిషి. బడి గోడకు ఆనుకునే వాళ్ల ఊరు. పట్టుమని నలభై కోయ ఇళ్లు ఉండవు. మధిర రైల్వే స్టేషను చప్పుడులో పెరిగిన నన్ను అక్కడికి బదిలీ చేసినప్పుడు, ఏదో శిక్ష పడినట్టే మొహం పెట్టుకుని వెళ్లాను. మొదటి రోజు మధ్యాహ్నం గరిటె పట్టుకుని ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏంది సారూ, గిట్ల ఎండిపోయినవ్? మీ మధిరల వడ్లు పండయా?"

మధిర చుట్టూ కనుచూపు మేర వరి పొలాలే. నాకు రోషం వచ్చి, ఆ రోజు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. ఆమె నోటికి అరచేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. ముందు పన్ను ఒకటి లేదు, అందుకే ఎప్పుడు నవ్వినా ఆ చెయ్యి అడ్డం వచ్చేది. మా ఇద్దరికీ సంధి కుదిరింది ఆ మూడో ముద్ద దగ్గరే.

చిత్రమైన మనిషి. పొయ్యిలో కట్టె అంటుకోకపోతే దాన్ని పేరు పెట్టి తిట్టేది. ప్రతి కట్టెకూ ఆమె దగ్గర ఒక పేరు ఉండేది, ఎక్కువ భాగం మా స్టాఫు పేర్లే. కూర రుచి చూడాలంటే గరిటెతో నోట్లో పోసుకునేది కాదు, చేతి వెనక ఒక చుక్క వేసుకుని నాకేది. మనసు బాగుంటే నన్ను "సారూ" అని సాగదీసి పిలిచేది. కోపం వస్తే అదే పిలుపు "సార్" అని కత్తిరించినట్టు వచ్చేది. ఎవరైనా ఫోటో తీస్తానంటే, సరిగ్గా నొక్కే ముందు మొహం తిప్పేసుకునేది. అందుకే నా దగ్గర ఆమె ఫోటోలు మూడు ఉన్నా, మూడింట్లోనూ ఉన్నది కొప్పే.

అన్నిటికీ మించి నేరేడు నీళ్లు.

అది సారా కాదు, కల్లు కాదు. పొరపాటున ఎవరైనా అట్లా అన్నారా, ఆ పూట వాళ్ల కంచంలోకి చారు అడుగున మిగిలిన ఆవాలే వచ్చేవి. "నేరేడు నీళ్లు" అనాలి. ఎండాకాలంలో అడవి నుంచి తేనె దిగేది. చిక్కటి తేనె కొనేవాళ్లు పట్టుకుపోయేవారు. పల్చగా ఉందని, పులుపు తిరిగిందని వాళ్లు వద్దన్న తేనె, పిండగా మిగిలిన తేనెపట్టు పిప్పి ఈమెకు మిగిలేవి. ఈమెకు కావాల్సినవీ అవే. ఆ పిప్పిని వాగు నీళ్లలో కడిగి, ఆ తీపి నీళ్లలో పల్చటి తేనె కలిపేది. తొలి వానలకు రాలిన నేరేడు పళ్లు ఏరుకొచ్చి, గింజలు కూడా తీయకుండా చేత్తోనే పిసికి అందులో వేసేది. మోచేతుల దాకా ఊదారంగు పట్టేది. ఎంత తోమినా వారం రోజులు పోయేది కాదు. ఆ చేతులతోనే బళ్లో వడ్డిస్తుంటే పిల్లలు ముసిముసిగా నవ్వేవాళ్లు. "నవ్వుండ్రి, నవ్వుండ్రి, మీ అవ్వల సేతులు సూడలే?" అని ఆమె వాళ్లకు ఇంకో గరిటె ఎక్కువ వేసేది.

సైన్సు మాస్టర్ని కదా, ఊరుకోలేక ఒకసారి అడిగాను, ఎంత తేనెకు ఎన్ని నీళ్లు అని. నా చేతిలో కాగితం, పెన్ను కూడా ఉన్నాయి.

"ఏం రాసుకుంటవ్ సారూ? ఓ ఏడు తేనె సిక్కగొస్తది, ఓ ఏడు నీళ్లలెక్క వస్తది. నాలిక మీదేసుకుంటే తెల్వదా?"

నా నాలుకకు తెలియలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ కుండ నల్లటి పాత కుండ, మెడ దగ్గర చిన్న పెచ్చు లేచిపోయింది. ఏడాదిలో ఎక్కువ భాగం పొయ్యికి పైన ఉట్టిలో, మూతికి గుడ్డ కట్టుకుని, ఖాళీగా వేలాడుతూ ఉండేది. నేరేడు రాలే రోజుల్లో కిందికి దిగేది. అన్నీ పోసి, గుడ్డ కట్టి, మరీ వేడి తగలని మూల చూసి కుదురు మీద కూర్చోబెట్టేది. మర్నాటి నుంచి ఆ వినడం మొదలయ్యేది. బడికి వచ్చే ముందు ఒకసారి, ఇంటికి వెళ్లగానే ఒకసారి. నన్నూ వినమంది. బిడియపడుతూనే చెవి ఆనించాను. సన్నటి సుయ్‌మన్న చప్పుడు, ఎసరు మరగబోయే ముందు గిన్నె అడుగున వినపడేలాంటిది.

"ఇన్నవా?"

"విన్నాను అక్కా."

"ఏమంటున్నది?"

నా మొహం చూసి, "గదంతే, నీకు గీ బాస రాదు" అని జాలిపడింది.

కొన్నాళ్లకు ఆ చప్పుడు సన్నగిల్లి ఆగిపోయేది. "పండుకున్నది" అనేది. ఇంకొన్నాళ్లు ఆగి, వడగట్టి, మోదుగాకు డొప్పల్లో పోసేది. తొలి డొప్ప నేల మీద ధారగా వంపేది, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ. నాట్లకు ముందు వాళ్ల ఊళ్లో చేసుకునే పండుగకు ఎన్ని ఇళ్ల నుంచి ఎన్ని వచ్చినా, ఆమె కుండ వచ్చేదాకా ఎవరూ డొప్ప ఎత్తేవాళ్లు కాదు. ఇక రుచి సంగతి. అందులో తేనె తీపి ఉండదు, తేనె వాసన మాత్రం మిగిలి ఉంటుంది. వెనకనుంచి నేరేడు వగరు వచ్చి నాలుక అంచులు పట్టుకుంటుంది. గొంతు దిగాక ఛాతీలో చిన్న వెచ్చదనం. రెండో డొప్పకు చెయ్యి చాస్తే మాత్రం "సార్" అనేది, కత్తిరించి. "రేపు పిల్లలకు పాఠం జెప్పాలె నువ్వు."

అట్లా ఎన్నో ఏళ్లు గడిచాయి. నేను ఆ అడవికి అలవాటు పడ్డాను, అడవి నాకు అలవాటు పడలేదు గానీ.

ఒక ఏడు, బడి తెరిచిన వారానికే ఆమె మొగుడికి ఊపిరి అందకుండా అయింది. భద్రాచలం దవాఖానాకు తీసుకుపోవడానికి ఆటో వచ్చి నిలబడింది. అంత హడావిడిలోనూ ఆమె రెండు చేతుల్లో కుండ పట్టుకుని నా గది గుమ్మంలోకి వచ్చింది.

"సారూ, మా ఇల్లు కురుస్తున్నది. ఇంట్ల ఎవ్వలు లేరు. నేనొచ్చేదాక గిది జర నీ రూంల పెట్టుకో. పైలం. లోపట అమ్మ ఉన్నది."

నేను వెంటనే చెప్పులు విప్పాను.

నవ్వకండి. మా ఇళ్లలో కుండలో అమ్మ ఉందంటే ఇంకో అర్థం లేదు. అమ్మవారే. ఘటం. నేను రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, నా గదిలో దేవుడి పటాల పక్కన అరుగు మీద పీట వేసి కూర్చోబెట్టాను. రోజూ పొద్దున ఒక అగరుబత్తి కూడా వెలిగించాను. వాళ్ల అమ్మవారు కుండలో ఉంటుంది కాబోలు, అందుకే అంత భయభక్తులతో చెవి ఆనించి వింటుంది కాబోలు అని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. అన్నేళ్ల చనువులో ఏ అమ్మ అని ఒక్క మాట అడగవచ్చు. చదువుకున్నవాడికి అడగడం నామోషీ.

ఐదారు రోజులైంది. ఆమె రాలేదు. కుండకు చీమలు పట్టాయి. గోడ మీద నుంచి బారు కట్టి, గుడ్డ సందులోంచి లోపలికి పోతున్నాయి. గుడ్డ విప్పి చూశాను. అడుగున, పక్కలకు, నల్లగా ఎండి అంటుకుపోయిన మడ్డి. పుల్లటి వాసన. అమ్మవారున్న చోట ఇంత మురికా అని మనసు చివుక్కుమంది. మా అమ్మ ఘటానికి ఏం చేసేదో గుర్తు తెచ్చుకున్నాను. స్టవ్వు మీద నీళ్లు తెర్లించి, గుప్పెడు పసుపు వేసి, సలసలా కాగుతున్నవి కాగుతున్నట్టే కుండ నిండా పోశాను. అరగంట ఉంచి పారబోశాను. మడ్డి ఊడలేదు. గరిటెతో గీకబోయి, అమ్మవారి మీద గరిటె ఏమిటని ఆగిపోయాను. రెండు రోజులు ఎండలో పెట్టి, గుడ్డ ఉతికి మళ్లీ కట్టేశాను. చూడ్డానికి లోపల ఎప్పటిలాగే ఉంది, చీమలు మాత్రం లేవు. శుభ్రంగా చేశానని లోలోపల కాస్త గర్వం కూడా.

ఆమె మొగుడు దవాఖానా నుంచి బతికి రాలేదు. దినాలు అయ్యాక ఆమె కుండ కోసం వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. మనిషి సగమైంది.

"గుడ్డ గూడ ఉతికినవా సారూ! సల్లగుండు" అంది.

నేను వినయంగా తల వంచాను.

నేరేడు కాలం అయిపోవస్తోంది. అయినా వాన పడిన పొద్దునల్లా అడవంతా తిరిగి, చివరి పళ్లు ఏరుకొచ్చింది. ఈసారి ఎందుకంత ఆరాటపడుతోందో ఊరందరికీ తెలుసు. తొలి డొప్ప మొగుడి పేరున నేల మీద పోయాలి. ఆయన పేరు ఆ వరసలో చేరడం అదే మొదటిసారి.

నాలుగో రోజు సాయంత్రం బడి గేటు దగ్గర నా కోసం నిలబడింది.

"మాట్లాడుతలేదు సారూ."

వెంట వెళ్లాను. చెవి ఆనించాను. ఏమీ లేదు. ఖాళీ కుండకు చెవి పెడితే కూడా గాలి చప్పుడన్నా వినిపిస్తుంది, ఇందులో అదీ లేదు. "ఈ ముసురుకు బాగా చల్లబడింది కదక్కా, ఇంకో రెండు రోజులు చూద్దాం" అని సైన్సు చెప్పాను. ఆమె రాత్రింబవళ్లు దాని పక్కనే కూర్చుంది. వారం తిరిగేసరికి పైన తెల్లటి పొర కట్టింది. గుడ్డ విప్పితే ముక్కు పగిలే వాసన. నేరేడు కుళ్లిపోయింది.

నేనే అన్నాను. "అమ్మవారికి ఏదైనా కోపం వచ్చిందేమో అక్కా, ఒకసారి పూజ చేయిస్తే..."

"ఏ అమ్మవారు?"

"కుండలో అమ్మ ఉంది అన్నావు కదా."

అంత దుఃఖంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది.

"గా అమ్మ గాదు సారూ. అడుగున నల్లగ అంటుకున్నది సూడలే? గదే అమ్మ. మా అమ్మ నాకిచ్చింది, ఆమెకు ఆమె అమ్మ ఇచ్చింది. గది ఉంటెనే తేనె, పండు కలిసి నేరేడు నీళ్లయితయ్. లేకుంటే గిట్ల కుళ్లుడే. ఏడాది ఉట్టిల ఎండినా సావదు. జరంత తీపి నీళ్లు తగిలితే మల్ల లేస్తది."

ఈస్టు. తొమ్మిదేళ్లుగా ఎనిమిదో తరగతికి సూక్ష్మజీవుల పాఠం చెబుతున్నవాణ్ని. ఎండితే నిద్రపోతాయి, మరిగిస్తే చస్తాయి అని బోర్డు మీద సుద్దముక్కతో రాసి, పిల్లల చేత మూడుసార్లు చదివించేవాణ్ని. కాగే నీళ్లు నిండుగా పోసింది నేను. ఎన్ని తరాల అమ్మో, పసుపు వేసి మరీ చంపింది నేను.

నోరు తెరిచాను. ఈసారి ఆమే ముందు మాట్లాడింది.

"ఏమైందో నాకెర్కే సారూ."

నేను చేసింది తెలిసిపోయిందనుకున్నాను.

"మా ఆయనకు మట్టేసిన చెయ్యి గిది. గీ చేత్తోనే పళ్లు పిసికిన. అమ్మ మెచ్చలే. నా చెయ్యి పోయింది."

ఊదారంగు పట్టిన రెండు చేతులూ ముందుకు చాపి, ఎవరి చేతులో అన్నట్టు చూసుకుంది.

అప్పుడు చెప్పాలి. అంతకు మించిన సమయం లేదు, ఆ తర్వాత రాలేదు కూడా. నేను అన్నది ఇదీ: "అట్లాంటిదేం లేదు అక్కా." అది నిజమే. కానీ నిజం మొత్తం చెప్పకపోతే అది ఉత్త ఓదార్పు మాట, ఎవరైనా అంటారు. కొత్తగా మొగుడు పోయిన మనిషి, ఇప్పుడు ఇది కూడా ఎందుకు, కొంచెం కుదుటపడ్డాక చెబుదాం అనుకున్నాను. ఇది నేను నాకు చెప్పుకున్న కారణం. అసలు కారణం సిగ్గు. ఆమె తనంతట తానే ఒక కారణం వెతుక్కుంది, నేను పోయి దాని చాటున దాక్కున్నాను.

చెయ్యి పోయిందనుకున్న మనిషి ఎట్లా బతుకుతుందో నేను దగ్గరుండి చూశాను. కుండ మళ్లీ ఉట్టికి ఎక్కలేదు. ఇంటి వెనక చూరు కింద బోర్లించింది. ఊళ్లో విత్తనాలు వేసేటప్పుడు తొలి గుప్పెడు ఆమె చేత చల్లించడం కొన్ని ఇళ్లకు అలవాటు. పిలవడానికి వస్తే పని ఉందనేది. పచ్చడి జాడీలో చెయ్యి పెట్టేది కాదు. బళ్లో ఆదివారం పొద్దున ఇడ్లీ. శనివారం సాయంత్రం పిండి రుబ్బడం దాకా తనే చేసేది. ఉప్పు వేసి కలిపి మూత పెట్టే వేళకు మాత్రం రెండడుగులు వెనక్కి జరిగి, రెండో వంటామెను పిలిచేది.

"నువ్వు కలుపు. నేను కలిపితే పొంగదు."

ఎంత మామూలుగా అనేదో. ఉప్పు డబ్బా అందుకో అన్నంత మామూలుగా. పిండి పొంగేది. ఆదివారం ఇడ్లీ మెత్తగా వచ్చేది. ఎవరు కలిపినా పొంగుతుంది అక్కా, చేతిలో ఏమీ లేదు, తప్పు నాది అని చెప్పడానికి ప్రతి శనివారం ఒక అవకాశం. నేను అక్కడున్న మిగతా నాలుగేళ్లూ ప్రతి వారం ఆ వంటగది ముందు నుంచే గదికి పోయాను. కక్కలేక మింగలేక ఆ ఇడ్లీలే తిన్నాను.

బదిలీ వచ్చి ఎర్రుపాలెం వెళ్లిపోయే రోజు, ఆమె బస్సు దగ్గరికి తేనె సీసా తెచ్చింది.

"నేరేడు నీళ్లు ఇద్దునే సారూ, నీకెర్కే గద. గిదైతే నా చెయ్యి తగల్లేదు, నా బిడ్డ వడగట్టింది. బుగులు పడకుండ తాగు."

సీసా కొంగుతో పట్టుకుని ఇచ్చింది. వేళ్లు గాజుకు తగలకుండా.

"అక్కా, ఒక్క మాట" అన్నాను.

"పో సారూ, బస్సు పోతది. జల్దీ ఎక్కు."

ఎక్కాను. ఆ దారిలో కండక్టర్లు పొలంలో ఉన్న మనిషి గట్టెక్కి వచ్చేదాకా బస్సు ఆపుతారు. నా కోసం రెండు నిమిషాలు ఆపకపోయేవాడా? ఇన్నేళ్లూ నేను తప్పు ఆ బస్సు మీదికి నెట్టుకుంటూ వచ్చాను.

మధ్యలో ఫోన్లు చేసేవాణ్ని. బాగున్నావా అంటే బాగున్న, నువ్వు బాగున్నవా అనేది. ఫోనులో చెప్పే మాట కాదులే అనుకునేవాణ్ని. ఎదురుగా చెప్పనివాడు ఫోనులో చెబుతాడా!

పోయినేడు ఖమ్మంలో మా మేనల్లుడి ఇంటికి వెళ్లాను. వాడికి కొత్త పిచ్చి పట్టింది. పెద్ద గాజు జాడీలో తేనె, నీళ్లు, నేరేడు పళ్లు వేసి, పైన గొట్టం బిగించి, మీడ్ అనే ఒక సరుకు చేస్తున్నాడు. గొట్టంలో బుడగలు టుప్పు టుప్పుమంటుంటే నాకు చూపించి మురిసిపోయాడు. పోయినసారి వేడి తేనెలో ఈస్టు వేశాడట, మొత్తం చచ్చిందట.

"మరి ఏం చేశావురా?" అని అడిగాను.

"ఏముంది మామయ్యా, ఇంకో ప్యాకెట్ తెచ్చి వేశా."

నాకు తాగబుద్ధి కాలేదు. షుగరు ఉందని చెప్పి తప్పించుకున్నాను.

దినాలకు వెళ్లాను. ఖమ్మంలో ఒక బస్సు, ఇల్లందులో ఒక బస్సు మారి, ఊళ్లోకి పోయే బస్సు అందక చివరి నాలుగు మైళ్లు మోటార్ సైకిల్ మీద. ఆమె ఇంటి ముందు పందిరి వేశారు. కూతురు ఎదురొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చివరి దాకా నన్ను తలుచుకునేదట, మా సారు అంత మంచోడు లేడు, నా కుండను దేవుని దగ్గర పెట్టి చూసుకున్నడు అని.

భోజనాలకు ముందు ఒక ముసలామె డొప్పలు పంచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. పొట్టి మనిషి, నుదురు మాత్రం అచ్చం ఆమెదే. డొప్ప అందుకుని నోటికి పెట్టుకున్నాను. తేనె వాసన. నేరేడు వగరు. ఛాతీలో వెచ్చదనం.

"ఇది ఎవరు చేశారమ్మా?"

"మా చిన్నమ్మ సార్, అమ్మకు సొంత చెల్లె" అంది కూతురు. "గోదారి అవతల ఇచ్చిండ్రు ఆమెను. ఆడికెల్లి తెచ్చింది."

"నేనే చేసిన సారూ" అంది ముసలామె. "మా అమ్మ ఇద్దరి పెండ్లిళ్లకు చెరో ముంతెడు అడుగు ఇచ్చింది, కుండల వేసుకోను. అక్కది పోయింది. నాది నడుస్తున్నది."

"మరి మీ దగ్గర్నుంచి ఒక ముంతెడు తెచ్చి వేసుకోలేదా ఆమె? వేసుకుంటే మళ్లీ లేచేది కదా?"

"లేవకేం? నేనే తెస్తనన్న. ఒక్కసారి గాదు, ఎన్నిసార్లో. ఒద్దన్నది. నా చెయ్యి పోయిందే, నేను ముడితే నీది గూడ పోతదే అన్నది. మా ఇంటికొస్తే వాకిట్లనే కూసునేది. అన్నం గూడ ఆడికే తెచ్చియ్యాలె. పదకొండేండ్లు సారూ, సొంత చెల్లె ఇంట్ల, నా వంటింటి గడప తొక్కలే."

అప్పుడు చెప్పాను. పందిట్లో, అందరి మధ్య, డొప్ప పట్టుకుని నిలబడే చెప్పాను. ఆమె చెయ్యి పోలేదని, కుండకు చీమలు పడితే నేనే కాగే నీళ్లు పోశానని, అమ్మ అంటే అమ్మవారు అనుకున్నానని, తెలిశాక కూడా నోరు విప్పలేదని. పదకొండేళ్లు మోసిన మాట రెండు నిమిషాల్లో అయిపోయింది. కూతురు చేతిలో గిన్నె కింద పెట్టేసింది. ముసలామె చివరిదాకా వింది. నా మాట ఆగాక కూడా ఇంకా ఏమన్నా ఉందేమోనని కాసేపు ఆగింది.

"గీ ముచ్చట మా అక్కకు జెప్పాలె గద సారూ" అంది. "నాకెందుకు జెప్తున్నవ్?"

కోపంగా అనలేదు. తెలుసుకుందామనే అడిగింది. జవాబు కోసం నా మొహంలోకి చూస్తూ నిలబడింది.